సొంతంగా మ్యాక్రో కీబోర్డు చేసుకున్నవాళ్లు ఉన్నారా? బెంగళూరు, తెలుగు టైపింగ్ పని

సబ్‌టైటిల్ పని, బీటీఎం లేఅవుట్:

అందరికీ నమస్కారం. తెలుగు, కన్నడ వీడియోలకు సబ్‌టైటిళ్లు రాయడం నా ఉద్యోగం. రోజుకు ఏడెనిమిది గంటలు చేతులు కీబోర్డు మీదే ఉంటాయి. ఇబ్బంది రెండు చోట్ల. లైను మొదలు, లైను చివర, ఒక ఫ్రేము వెనక్కి, ఒక ఫ్రేము ముందుకు, వీటన్నిటికీ రెండు మూడు కీలు కలిపి నొక్కాలి. సాయంత్రానికి ఎడమ మణికట్టు లాగేస్తోంది. రెండో ఇబ్బంది తెలుగు రాసేవాళ్లకు బాగా తెలుసు. "సాఫ్ట్‌వేర్" అని రావాలంటే ట్ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. పెట్టకపోతే "సాఫ్ట్వేర్" అవుతుంది. ట, వ రెండూ ఫ కింద వత్తులుగా దిగిపోతాయి, ఏత్వం ఎగిరి ఫ తలకెక్కుతుంది. ఇంగ్లీషు మాటలు ఎక్కువున్న ఎపిసోడ్ అయితే ఈ పని ఎన్నిసార్లు చేస్తానో లెక్కే ఉండదు.

అందుకే మ్యాక్రో కీబోర్డు, అంటే కొన్ని కీల పని ఒక్క కీతో చేసే చిన్న పెట్టె, తొమ్మిది కీలు, తిప్పడానికి ఒక నాబ్‌తో చేసుకుందామనుకుంటున్నా. సోల్డరింగ్ ఎప్పుడో కాలేజీలో చేశాను. ఏ బోర్డు కొనాలి? ఎక్కడ జాగ్రత్తపడాలి? చేసినవాళ్లు చెప్పండి.

మడివాల నుంచి:

ముందు బోర్డు సంగతి, ఎందుకంటే నా మొదటి నెల అక్కడే పోయింది. ఇంట్లో ఆర్డుయినో ఊనో అనే ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు ఉంది కదా అని దానికే స్విచ్‌లు అతికించాను. ప్రోగ్రాం ఎక్కింది, బటన్ నొక్కితే బోర్డు పంపే మాటలు చూపించే సీరియల్ మానిటర్‌లో అంకె కూడా కనబడింది. కానీ కంప్యూటర్‌కు అది కీబోర్డుగా ఎప్పటికీ కనబడలేదు. ఊనోలో ఉన్న ఏటీమెగా 328పీ చిప్‌కు సొంత యూఎస్‌బీ లేదు. పక్కనున్న ఇంకో చిప్ దాని మాటల్ని సీరియల్ పోర్టుగా మార్చి కంప్యూటర్‌కు చేరవేస్తుంది, అంతే.

కీబోర్డుగా పనిచేయాలంటే చిప్‌లోనే యూఎస్‌బీ ఉండాలి. ఏటీమెగా 32యూ4 ఉన్న ప్రో మైక్రో గానీ, ఆర్‌పీ2040 ఉన్న రాస్ప్‌బెరీ పై పికో గానీ తీసుకోండి. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు నేను పికోనే చెప్తాను. 2021 జనవరిలో 4 డాలర్ల ధరతో వచ్చింది. ప్రో మైక్రోలో ప్రోగ్రాంకు 32 కేబీ చోటు ఉంటే పికోలో 2 ఎంబీ ఉంది. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది, ఫైలు అందులో వేస్తే చాలు. బోర్డు మీద పైథాన్ నడిపే సర్క్యూట్‌పైథాన్, దాని మీద కేఎంకే అనే కీబోర్డు సాఫ్ట్‌వేర్ వేసుకుంటే కీల అమరిక అంతా మామూలు టెక్స్ట్ ఫైల్లో మార్చుకోవచ్చు. ఏదైనా కీ పని మార్చాలనిపిస్తే ఫైలు తెరిచి ఒక లైను దిద్ది సేవ్ చేస్తే అయిపోతుంది.

ఎస్పీ రోడ్డు అలవాటున్న మనిషి:

సామాన్లకు కె.ఆర్. మార్కెట్ మెట్రోలో దిగి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు నడిచి వెళ్లొచ్చు. ఆదివారం పోవద్దు, చాలా షట్టర్లు మూసే ఉంటాయి. డయోడ్లకు (కరెంటును ఒక వైపే పోనిచ్చేవి) "1ఎన్4148" అని నంబరే చెప్పండి, మారు మాట్లాడకుండా తీసి ఇచ్చేస్తారు. నాబ్‌కు "రోటరీ ఎన్‌కోడర్, ఈసీ11" అనండి. ఎన్‌కోడర్ అనకుండా నాబ్ కావాలంటే వాల్యూమ్ పొటెన్షియోమీటర్ చేతిలో పెడతారు, అది ఒక చోట ఆగిపోయే రకం.

కేబుల్ కూడా అడిగి కొనండి. పికోకు ఉన్నది మైక్రో యూఎస్‌బీ. ఇంట్లో పాత ఫోను చార్జర్ కేబుళ్లలో కొన్నింటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. బోర్డు చచ్చిపోయిందనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే కేబుల్. ప్రో మైక్రో తీసుకుంటే దాని యూఎస్‌బీ సాకెట్ బోర్డు మీద బలంగా ఉండదు. పక్కకు లాగితే కింది రాగితో సహా ఊడి వచ్చేస్తుంది, మళ్లీ అతకడం మహా కష్టం. కొనగానే సాకెట్ చుట్టూ కొంచెం ఎపాక్సీ పెట్టుకోండి.

సబ్‌టైటిల్ పని, బీటీఎం లేఅవుట్:

మడివాల అన్నా, పికోనే తీసుకుంటాను. డయోడ్లు ఎన్ని కావాలి? తొమ్మిదేనా?

జాలహళ్లి, బోర్డుల రిపేరు చేస్తాను:

అక్కా, మీకు డయోడ్లే వద్దు. పైన డయోడ్లు కొనమన్నది మ్యాట్రిక్స్ పద్ధతి అనుకుని. కీలను అడ్డవరసలు, నిలువు వరసలుగా కలిపితే తొమ్మిదింటికి ఆరు పిన్నులే సరిపోతాయి, నిజమే. కానీ పికోలో వాడుకోదగ్గ పిన్నులు 26 ఉన్నాయి. మీకు కావాల్సింది కీలకు తొమ్మిది, నాబ్‌కు రెండు, నాబ్ నొక్కడానికి ఒకటి. ఒక్కో స్విచ్‌లో ఒక కాలు సొంత పిన్నుకు, రెండో కాలు గ్రౌండుకు. తొమ్మిది గ్రౌండు కాళ్లనూ ఒకే తీగతో దండలాగా గుచ్చేయొచ్చు. తప్పు జరిగితే ఏ కీలో జరిగిందో వెంటనే తెలుస్తుంది.

మడివాల నుంచి:

తొమ్మిది కీలకు ఒప్పుకుంటాను. రేపు ముప్ఫై కీలు కావాలనిపిస్తే మాత్రం మ్యాట్రిక్స్ తప్పదు, డయోడ్లూ తప్పవు. డయోడ్లు లేని మ్యాట్రిక్స్‌లో దీర్ఘచతురస్రం మూలల్లో మూడు కీలు కలిపి నొక్కితే నాలుగో మూల కీ నొక్కకుండానే నొక్కినట్టు పలుకుతుంది. కరెంటు ఆ మూడింటి గుండా వెనక దారిన చుట్టి వస్తుంది. డయోడ్ ఆ వెనక దారిని మూసేస్తుంది. నల్ల గీత ఉన్న వైపు అన్నిటికీ ఒకే దిక్కు ఉండాలి.

మల్లేశ్వరం, డీటీపీ:

హార్డ్‌వేర్ గురించి అందరూ చెప్పేశారు. మీ అసలు ఇబ్బంది తెలుగు కాబట్టి దాని గురించి రాస్తాను, నేనూ అక్కడే చాలా తిరిగాను.

కీబోర్డు కంప్యూటర్‌కు పంపేది అక్షరం కాదు, కీ నంబరు. ఇంగ్లీషు A కీకి 4, B కీకి 5, అలా. ఆ నంబరును "a" చేయాలా, "ో" చేయాలా అన్నది కంప్యూటర్‌లో ఆ క్షణాన ఉన్న భాష అమరిక నిర్ణయిస్తుంది. అందుకే "ఈ కీ నొక్కితే క్ష రావాలి" అని పికోకు నేరుగా చెప్పడానికి వీల్లేదు. పైగా క్ష అంటే యూనికోడ్‌లో క, పొల్లు, ష అని మూడు సంకేతాలు: 0సీ15, 0సీ4డీ, 0సీ37.

లైనక్స్‌లో చాలా ప్రోగ్రాముల్లో కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కి సంకేతం కొట్టి స్పేస్ ఇస్తే ఆ అక్షరం పడుతుంది. కేఎంకే ఈ వరస మొత్తాన్ని ఒక కీలో పెట్టగలదు. మీ జీరో విడ్త్ నాన్ జాయినర్ సంకేతం 200సీ.

విండోస్‌లో నాకు బాగా కుదిరిన పద్ధతి వేరు. మామూలు కీబోర్డులో ఎఫ్12తో ఆగిపోతాం కానీ యూఎస్‌బీ ప్రమాణంలో ఎఫ్24 దాకా నంబర్లు ఉన్నాయి. ఎఫ్13 నుంచి ఎఫ్21 దాకా తొమ్మిదీ మీ తొమ్మిది కీలకు ఇచ్చేయండి. వేరే ప్రోగ్రాములు వాటి జోలికి దాదాపు రావు. తర్వాత కంప్యూటర్‌లో, కీలకు మనకు కావాల్సిన పని అప్పగించే ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రాం పెట్టి, ఎఫ్13 వస్తే 200సీ పంపు అని ఒక లైను రాయండి. అది ఏ భాష అమరికలో ఉన్నా పడుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా తేడా లేదు. దీంతో ఆ మాటలు కొట్టేటప్పుడు నా చెయ్యి ఆగడం మానేసింది.

వైట్‌ఫీల్డ్ నుంచి:

ఒక హెచ్చరిక. నేను ఇలాంటిది ఆఫీసు లాప్‌టాప్‌కు పెట్టిన పది నిమిషాల్లో సెక్యూరిటీ టీం నుంచి ఫోను వచ్చింది. సర్క్యూట్‌పైథాన్ వేసిన పికో కీబోర్డుతో పాటు పెన్‌డ్రైవ్‌గా కూడా కనబడుతుంది, మా దగ్గర పెన్‌డ్రైవ్‌లు నిషేధం. బూట్ ఫైల్లో డ్రైవ్‌ను ఆపేసే ఆదేశం ఒక లైను ఉంది, అది పెట్టుకోవచ్చు. కానీ పెట్టేముందు "మొదటి కీ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే డ్రైవ్ తెరుచుకోవాలి" అని షరతు రాయండి. లేకపోతే మీ ఫైళ్లు మీకే తేలిగ్గా అందవు. ఏం చేసినా ముందు ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి. పాస్‌వర్డు మాత్రం ఏ కీలోనూ పెట్టొద్దు, ఆ ఫైలు ఎవరు తెరిచినా మామూలు అక్షరాల్లో కనబడుతుంది.

జాలహళ్లి, బోర్డుల రిపేరు చేస్తాను:

స్విచ్‌లు దిగే పైపలక గురించి ఎవరూ చెప్పలేదు. చెర్రీ ఎంఎక్స్ రకం స్విచ్‌కు కన్నం 14 మిల్లీమీటర్ల చదరం, కన్నం మధ్య నుంచి పక్క కన్నం మధ్యకు 19.05 మిల్లీమీటర్లు. స్విచ్ పక్కనున్న కొక్కేలు 1.5 మిల్లీమీటర్ల మందం పలకకు తయారైనవి. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ కోయిస్తే కొక్కెం పట్టదు, కీ మూత లాగితే స్విచ్చే పైకి వచ్చేస్తుంది. అది ఇప్పటికే కోయించి ఉంటే వెనక నుంచి హాట్ గ్లూ పెట్టండి, నడుస్తుంది. సోల్డరింగ్ ఐరన్ ఒక్కో కాలి మీద రెండు మూడు సెకన్లకు మించి ఆనించొద్దు, లోపల ప్లాస్టిక్ మెత్తబడి కాలు ఒరిగిపోతుంది.

సబ్‌టైటిల్ పని, బీటీఎం లేఅవుట్:

ఆరు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. పెట్టె నా ఎడమ చేతి కింద ఉంది. పికో, స్విచ్‌లు, మూతలు, ఎన్‌కోడర్, పలక కోత అన్నీ కలిపి 1,300 దాకా అయ్యాయి. మ్యాట్రిక్స్ లేదు, ఒక్కో కీకి ఒక్కో పిన్ను. ఏడో కీ పలకలేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే గ్రౌండు తీగ పైకి అంటుకున్నట్టే ఉంది కానీ బీప్ రాలేదు. మళ్లీ వేడి చేసి కాస్త టంకం పెడితే సర్దుకుంది.

నాబ్ మాత్రం రెండు రోజులు ఏడిపించింది. ఒక టక్కు తిప్పితే ఫ్రేము కదలదు, రెండో టక్కుకు ఒకటి కదులుతుంది. నా వీడియోలు సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. మాట పెదవి మీద ఎక్కడ మొదలైందో పట్టుకోవాలంటే ప్రతి టక్కూ లెక్కకు రావాలి. కేఎంకేలో ఎన్‌కోడర్ డివైజర్ అని ఒక అంకె ఉంది, 4 ఉన్నదాన్ని 2 చేశాను. ఇప్పుడు టక్కుకు ఒక ఫ్రేము.

నాబ్ పైన ప్లాస్టిక్ టోపీ లేదు. చన్నపట్న వైపు పని మీద వెళ్లినప్పుడు బొమ్మలు చేసే ఒకాయనకు ఎన్‌కోడర్ చూపించి, ఈ కడ్డీకి సరిపడా చిన్న బుడిపె తీయగలరా అని అడిగాను. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే అక్కడా వాడతారు. కడ్డీ మందం 6 మిల్లీమీటర్లు. ఆయన లేత్ మీద తిప్పి, కన్నం వేసి, తిరుగుతున్నప్పుడే పసుపు లక్క కడ్డీ ఆనించి రంగు ఎక్కించాడు. వేడికి లక్క కరిగి కర్రను పట్టేసింది, ఆ తర్వాత ఆకుతో రుద్దితే మెరుపు వచ్చింది.

మల్లేశ్వరం గారూ, ఎఫ్13 పద్ధతే పెట్టుకున్నాను. మొదటి కీ 200సీ, రెండోది క్ష. ఎనిమిదో కీకి ఇంకా ఏమీ ఇవ్వలేదు. మీరు మీ కీలలో తెలుగుకు ఇంకేం పెట్టుకున్నారు?

మల్లేశ్వరం, డీటీపీ:

చాలా సంతోషంగా ఉంది. ఎనిమిదో దానికి "శ్రీ" పెట్టండి, నాలుగు సంకేతాలు ఒక్క నొక్కుతో పడతాయి: 0సీ36, 0సీ4డీ, 0సీ30, 0సీ40. పెళ్లి పత్రికల సీజన్‌లో నాకు అన్నిటికంటే ఎక్కువ అరిగే కీ అదే. నాబ్ ఫోటో పెట్టండి.