అప్‌డేట్: పర్లాకిమిడిలో రాకెట్ రసాయనం చూపించేశాం

జాతీయ అంతరిక్ష దినోత్సవం, అదే ఆగస్టు 23కి, మా వీధి పిల్లలకి రాకెట్ రసాయనం ప్రమాదం లేకుండా ఎలా చూపించాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. అయిపోయింది, బాగా జరిగింది.

సురేకారం, పంచదార కలిపి మండించమని అప్పుడొచ్చిన సలహా పక్కన పెట్టేశాను. పెంకుటిళ్ల మధ్య అదేం పని అండీ! మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాలో పోసి, గోరువెచ్చని నీళ్లలో కలిపిన ఈస్ట్ వేశాను. కళ్లద్దాలు పెట్టుకున్నాను, మూత మాత్రం బిగించలేదు. బుసబుసా నురగొచ్చింది. మంట ఆర్పి, కొస ఎర్రగా ఉన్న అగరబత్తిని నురగకి తగలకుండా సీసాలోకి దించితే, నిప్పు ఒక్కసారిగా తెల్లగా మెరిసింది. ఈస్ట్ వల్ల పెరాక్సైడ్ విడిపోయి వచ్చిన ఆక్సిజన్ మహిమ.

రష్యా వాళ్ల సోయుజ్ రాకెట్‌లో ఇంధనం పంపుల్ని తిప్పేది కూడా ఈ పెరాక్సైడే, కాకపోతే గాఢత చాలా ఎక్కువ. దాని జోలికి మాత్రం వెళ్లకండి. "మరి పైకెగరదేటి?" అని అరుగు మీది తాతగారు నిలదీశారు. వచ్చేసారి వెనిగర్, వంటసోడాతో ఎగరేస్తానని ఒప్పించాను.