రక్తపోటులో ఉన్నది ఏ పోటు?

"రక్తపోటు"లో పోటుకి అర్థం ఏమిటి, ఆ మాట సరిగ్గా అమరిందా అని ఒకరు అడిగారు. చేతికి పట్టీ కట్టి బీపీ చూడటం నాకు రోజూ ఉండే పని. ఈ మాట ఎదుటి మనిషి చెవిలో పడ్డాక ఏమవుతుందో చాలాసార్లు చూశాను కాబట్టి, నిఘంటువుల దగ్గరికి వెళ్ళేముందు ఒక సంభాషణ చెబుతాను.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. "అమ్మా, మీకు రక్తపోటు ఉందా?" అని అడిగాను.

"లేదండీ, ఒక్కసారి కూడా రాలేదు."

"ఎప్పుడైనా చూపించుకున్నారా?"

"రానిదానికి ఏం చూపించుకుంటానండీ? మా ఆయనకి గుండెపోటు వచ్చినప్పుడు పక్కనే ఉన్నాను, మనిషి గిలగిల్లాడిపోయాడు. అలాంటిది నాకొస్తే నాకు తెలియదూ?"

పట్టీ కట్టి చూస్తే 178/104. ఆవిడ మాత్రం ఏ బాధా లేకుండా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నింపాదిగా కూర్చుని ఉంది.

వినగానే నవ్వొస్తుంది. కానీ ఆవిడ తెలుగులో ఏ తప్పూ లేదు. కత్తిపోటు, వెన్నుపోటు, గుండెపోటు, తలపోటు, చెవిపోటు... ఇన్ని పోట్లు విన్న చెవికి పోటు అంటే ఉన్నట్టుండి వచ్చి పొడిచేది. పోటు పడ్డవాడికి తెలియకుండా పోటు పడటం అనేది మన మాటల్లో ఎక్కడా లేదు. మరి ఎక్కువ రక్తపోటు చాలామందిలో ఏ నొప్పీ లేకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. 30 నుంచి 79 ఏళ్ళ మధ్య వాళ్ళలో 128 కోట్ల మందికి ఇది ఉందనీ, అందులో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. తలపోటు వచ్చిన రోజునే మాత్ర వేసుకునేవాళ్ళని నేను ఎంతమందిని చూశానో. "ఇవాళ తల బాగానే ఉంది, బీపీ లేదు, అందుకని వేసుకోలేదు" అంటారు. తలపోటుని చూసి రక్తపోటుని లెక్కగట్టుకుంటున్నారన్నమాట.

ఇక మాట సంగతి. పడు నుంచి పాటు, చెడు నుంచి చేటు వచ్చినట్టే పొడుచు నుంచి పోటు. అయితే పొడవడం అంటే గుచ్చడం ఒక్కటే కాదు. పొద్దు పొడిచింది అంటాం, చుక్క పొడిచింది అంటాం. అక్కడ ఎవరూ ఎవరినీ గుచ్చలేదు, పైకి లేచింది అంతే. సముద్రానికి పోటు వచ్చింది అన్నప్పుడూ నీరు పైకి లేవడమే. దానికి జంట ఆటు, నీరు దిగడం. నా మట్టుకు రక్తపోటులో వినపడాల్సింది ఈ సముద్రపు పోటు.

ఇది నేను ముచ్చటపడి అంటగట్టిన పోలిక కాదు. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు 1733లో ప్రచురించిన పుస్తకంలో ఒక ప్రయోగం ఉంది. ఆయన ఒక గుర్రం ధమనిలోకి గొట్టం దూర్చి, దానికి పొడవాటి గాజు గొట్టం నిలువుగా తగిలించాడు. నెత్తురు అందులో 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకి లేచింది. లేచి ఊరుకోలేదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా పైకి పొంగుతూ, మళ్ళీ కాస్త దిగుతూ ఉంది. ఆ గాజు గొట్టం పక్కన నిలబడినవాడు తెలుగువాడైతే ఏమనేవాడు? ఆటుపోట్లు అనేవాడు. ఇప్పటికీ మనం చెప్పే 120, 80 ఎత్తులే, పాదరసం ఎన్ని మిల్లీమీటర్లు లేస్తుందన్న లెక్క. గుండె ముడుచుకుని నెత్తురుని తోసినప్పుడు పై అంకె, గుండె వదులైనప్పుడు కింది అంకె. పోటు, ఆటు.

ఈ అంకెల దగ్గర కూడా ఒకటి చెప్పాలి. "మీకు కింది బీపీ ఎక్కువగా ఉంది" అని ఒకాయనకి ఎవరో చెప్పారు. ఆయన నెల రోజులుగా కాళ్ళకింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నాడు. ఎందుకండీ అంటే, "పై బీపీ తలలోది, కింది బీపీ కాళ్ళలోది కదా, కిందకి దిగిందాన్ని కాస్త పైకి పంపిద్దామని" అన్నాడు. పై, కింద అన్న మాటలతో అంతకన్నా పద్ధతిగా ఆలోచించడం ఎవరివల్ల అవుతుంది? కాగితం మీద గీత పైన రాసేది, గీత కింద రాసేది అని చెప్పాల్సింది మేము. చెప్పలేదు.

మరి "బీపీ" అనేస్తే గొడవ వదిలిపోతుందా? వదలదు. తెలుగులోకి వచ్చాక బీపీ అంటే కోపం అయిపోయింది. "నాకు బీపీ తెప్పించకు" అని పిల్లల మీద అరుస్తాం. అందుకే నెమ్మదస్తులకి బీపీ ఉందంటే నమ్మరు. "నేను ఎవరినీ పల్లెత్తు మాట అననండీ, నాకెందుకుంటుంది?" అని ఒకాయన అంటుంటే, పక్కనున్న భార్య "అనకే వచ్చింది, అంతా లోపలే దాచుకుంటాడు" అని తేల్చేసింది. కోపం వచ్చినప్పుడు కాసేపు అంకె పెరిగే మాట నిజమే. రోజూ పైనే ఉండిపోయే పోటుకి మాత్రం కోపిష్టి, శాంతమూర్తి అన్న తేడా లేదు.

చీటీ మీద "హైపర్‌టెన్షన్" అని రాస్తే ఇంకో దారిలో పోతారు. అక్కడ టెన్షన్ అంటే రక్తనాళాల్లోని ఒత్తిడి. మనకి టెన్షన్ అంటే ఆందోళన ఒక్కటే. "అమ్మాయి పరీక్షలు అయిపోయాయండీ, టెన్షన్ పోయింది, అందుకని మాత్రలు ఆపేశాను" అని ఒకావిడ ఎంతో సంతోషంగా చెప్పింది. ఇది మనవాళ్ళకే వచ్చిన చిక్కు కూడా కాదు. అమెరికాలో డాన్ బ్లూమ్‌హాగెన్ అనే పరిశోధకుడు 1980లో దీనిమీదే వ్యాసం రాశాడు. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్న రోగులు కూడా ఆ మాటని హైపర్, టెన్షన్ అని రెండు ముక్కలు చేసి, ఆందోళన ఎక్కువైతే వచ్చే జబ్బుగా అర్థం చేసుకుంటున్నారని.

రక్తపోటుకి బదులు రక్తపీడనం అనాలని ఇంకొకరు సూచించారు. భౌతికశాస్త్రం ప్రకారం అది అచ్చంగా సరైనదే, వాతావరణ పీడనం అంటున్నాం కదా. కానీ రోగి చెవికి అందులో వినపడేది పీడ. "ఏ పీడ పట్టిందండీ నాకు?" అని ఒకరు భయపడటం నేను విన్నాను. రక్తపు ఒత్తిడి అంటే మళ్ళీ మానసిక ఒత్తిడి దగ్గరికే చేరతాం. అందుకని రక్తపోటునే ఉంచుకుందాం అంటాను, దాని ఆటుతో కలిపి.

మార్చాల్సింది నిజానికి నేను మొదట అడిగిన ప్రశ్న. "రక్తపోటు ఉందా?" అంటే జబ్బు ఉందా అని అడిగినట్టు, "వచ్చిందా?" అంటే దెబ్బ తగిలిందా అని అడిగినట్టు. బతికున్న ప్రతి మనిషికీ రక్తపోటు ఉంటుంది. మీకు ఎత్తు ఉందా, బరువు ఉందా అని ఎవరినీ అడగం. అందుకే కొన్నేళ్ళుగా "మీ రక్తపోటు ఎంత?" అని అడుగుతున్నాను. "తెలియదు" అంటే చేయి చాపమంటాను.

ఆ పెద్దావిడకీ అప్పుడు సముద్రం సంగతి చెప్పి, పోటు ఎంతదాకా లేవాలో, ఆటు ఎంతదాకా దిగాలో కాగితం మీద గీసి చూపించాను. తర్వాత నెల వచ్చి, నేను అడగకముందే చేయి బల్లమీద పెట్టింది. "ఇవాళ పోటెంత, ఆటెంత?"

142, 86 అని చెప్పాను.

"అయితే ఇంకాస్త దిగాలి" అంది, చీర కొంగు సర్దుకుంటూ.