బ్యాకప్ నడిచాక డేటాబేస్ పేజీలే ఎందుకు స్వాప్‌లోకి వెళ్తున్నాయి?

రెండు వారాలుగా ఈ విషయం అర్థం కాక తల పట్టుకుంటున్నాను. లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) లోపలి సంగతులు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

16 జీబీ ర్యామ్ ఉన్న లైనక్స్ మెషీన్‌లో ఒక డేటాబేస్ నడుస్తోంది. రాత్రి బ్యాకప్ పెద్ద పెద్ద ఫైళ్లను ఒక్కసారి చదివి వదిలేస్తుంది. పొద్దున మొదటి క్వెరీలు చాలా నెమ్మదిగా వస్తున్నాయి. అప్పుడు మెమరీ లెక్కలు చూపే వీఎమ్‌స్టాట్ కమాండ్‌తో చూస్తే ఎస్ఐ కాలమ్‌లో పెద్ద అంకెలు, అంటే స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడే చోటు) నుంచి పేజీలు (మెమరీలోని చిన్న ముక్కలు) వెనక్కి వస్తున్నాయి.

నాకు తెలిసినంతవరకు, ఖాళీ మెమరీ ఒక హద్దు కంటే తగ్గితే కెస్వాప్‌డీ (మెమరీ ఖాళీ చేసే కెర్నల్ థ్రెడ్) లేచి, ఇన్‌యాక్టివ్ లిస్టు (ఈమధ్య పెద్దగా వాడని పేజీల జాబితా) చివర నుంచి పేజీలను ఏరుతుంది. ఈమధ్య వాడినట్టు యాక్సెస్డ్ బిట్ చెబితే ఆ పేజీకి ఇంకో అవకాశం ఇస్తుంది. మార్పులు లేని ఫైల్ పేజీకి డిస్కులో అసలు కాపీ ఉంటుంది కాబట్టి ఊరికే వదిలేయొచ్చు. ప్రోగ్రామ్ సొంత డేటాను మాత్రం స్వాప్‌లో రాసి తీరాలి. మరి తేలిగ్గా పోయే ఫైల్ పేజీలను వదిలి, డేటాబేస్ పేజీలను ఎందుకు బయటికి పంపుతోంది? రాత్రంతా వాటిని ఎవరూ ముట్టుకోకపోవడమే కారణమా?

స్వాపీనెస్ (స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే సెట్టింగ్) 60 నుంచి 10కి తగ్గించాను. కొంచెం నయం, అంతే. స్వాప్ పూర్తిగా తీసేయాలంటే టెన్షన్‌గా ఉంది, మెమరీ నిండితే కెర్నల్ డేటాబేస్‌నే చంపేయొచ్చు.

నా కెర్నల్ 5.15. 6.1లో వచ్చిన మల్టీ జనరేషన్ ఎల్ఆర్‌యూ (ఏ పేజీలను తీసేయాలో ఎంచే కొత్త పద్ధతి) కోసం అప్‌గ్రేడ్ చేస్తే ఫలితం ఉంటుందా? లేక బ్యాకప్‌ను వేరే సీగ్రూప్‌లో (ప్రాసెస్‌లను గుంపుగా చేసి హద్దులు పెట్టే ఏర్పాటులో) పెట్టి దానికి మెమరీ పరిమితి పెట్టడం మేలా? ఇలాంటి పరిస్థితిలో ఏదైనా చేసి చూసినవాళ్లు ఉంటే మీ అనుభవం చెప్పండి.