స్టేక్ పైన మాడి లోపల చల్లగా మిగులుతోంది. చిమిచుర్రీ, కూరగాయలతో కలిపి ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము డాలస్‌లో ఉంటున్నాము. వచ్చే శనివారం రాత్రి అన్నయ్యవాళ్లు భోజనానికి వస్తున్నారు. అర్జెంటీనా పద్ధతిలో బొగ్గుల మీద బీఫ్ స్టేక్ కాల్చి, పార్స్లీ ఆకుతో చేసే చిమిచుర్రీ అనే పచ్చడితోనూ, కాల్చిన కూరగాయలతోనూ వడ్డించాలని నా కోరిక. పోయిన వారం అంగుళంన్నర మందమున్న రిబ్‌ఐ (పక్కటెముకల దగ్గరి మాంసం) ముక్కలకు ఉప్పు రాసి, పది నిమిషాలాగి గ్రిల్ మీద వేశాను. పైభాగం నల్లగా మాడినా నడిమి భాగం చల్లగానే ఉండిపోయింది. మిక్సీలో వేసిన చిమిచుర్రీ ముద్దగా మారి చేదెక్కింది. వదిన ఎర్రగా ఉన్న మాంసం తినరు, అన్నయ్యకేమో లోపల రసం ఊరుతూ ఉండాలి. ఇద్దరికీ ఒకే నిప్పు మీద వండడం సాధ్యమేనా?

మొదటి సమాధానం

తప్పకుండా సాధ్యమే. మీరు బహుశా గ్రిల్ అంతటా బొగ్గులు పరిచి ఉంటారు. రిబ్‌ఐలో కొవ్వు ఎక్కువ కనుక, అది కరిగి నిప్పుల మీద పడిన ప్రతిసారీ మంట లేచి, వేడి లోపలికి చేరకముందే పైభాగాన్ని మాడుస్తుంది. బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, రెండో పక్క ఖాళీగా ఉంచండి. ముక్కలను ముందు ఖాళీ వైపు పెట్టి మూత వేయండి. నడిమి భాగం 115 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరగానే అన్నయ్యగారి ముక్కను నిప్పుల మీదికి జరిపి, రెండు వైపులా నిమిషం చొప్పున ఎర్రగా కాల్చి, 130 దాటగానే దించండి. వదినగారి ముక్కను 145 వరకు చల్లని వైపే ఉంచి ఆ తరువాత కాల్చితే, ఎరుపు పోయినా పీచులా ఎండిపోదు. థర్మామీటర్ లేకుండా ఈ పని చేయవద్దని నా విన్నపం. ఇలాంటి పూర్తి ముక్కలకు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సురక్షిత ఉష్ణోగ్రత 145 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాల విరామం. అందుచేత అన్నయ్యగారి ముక్కలోంచి పిల్లలకు పెట్టకండి.

ఉప్పు విషయానికి వస్తే, పది నిమిషాలన్నది అన్నిటికన్నా చెడ్డ సమయం. అప్పటికి నీరు పైకి ఊరుతుందే తప్ప తిరిగి ఇంకదు, ఆ తడి ఆరేదాకా మాంసం పైభాగం దోరగా కాలదు. కనీసం ముప్పావు గంట ముందు రాయండి, లేదా ముందు రాత్రే రాసి ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచండి.

రెండో సమాధానం

ఉద్యోగరీత్యా రెండేళ్లు బ్యూనస్ ఐరిస్‌లో ఉన్నాను కనుక చిమిచుర్రీ గురించి చెబుతాను. దానిని మిక్సీకి అప్పగించకండి. ఒక కట్ట పార్స్లీని బాగా ఆరబెట్టి, పదునైన కత్తితో సన్నగా తరగండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలను రోట్లో ఉప్పుతో దంచి, మూడు పెద్ద చెంచాల రెడ్ వైన్ వెనిగర్‌లో పది నిమిషాలు నాననిస్తే వాటి ఘాటు తగ్గుతుంది. తరువాత ఒక చెంచా ఎండు ఒరెగానో, అర చెంచా ఎండుమిరప పలుకులు, తరిగిన ఆకు, చివరగా అర కప్పు నూనె కలపండి. కొత్తిమీర వేస్తే రుచిగానే ఉంటుంది కానీ అది అక్కడి చిమిచుర్రీ కాదు. మంచి స్టేక్‌కు ఉప్పు చాలని, చిమిచుర్రీ చొరీసో అనే సాసేజ్‌కే బాగుంటుందని అక్కడ చాలామంది అంటారు. కనుక మాంసం మీద పోయకుండా గిన్నెలో పక్కన పెట్టండి.

మూడో సమాధానం

కూరగాయలను మాంసం కన్నా ముందే కాల్చండి, అవి గోరువెచ్చగా తిన్నా బాగుంటాయి. ఉల్లిపాయను మందపాటి చక్రాలుగా కోసి, పొరలు విడిపోకుండా పుల్ల గుచ్చండి. నూనెను గ్రిల్‌కు కాక ముక్కలకే పూయండి. క్యాప్సికం పైతొక్క నల్లబడ్డాక గిన్నెలో వేసి మూత పెడితే, కాసేపటికి తొక్క సులువుగా ఊడివస్తుంది. వేడిగా ఉండగానే రెండు చెంచాల చిమిచుర్రీ కలపండి. నా దృష్టిలో ఆ పచ్చడి స్టేక్ కన్నా వీటికే బాగా నప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి మీరు చెప్పినట్లే చేశాను. అన్నయ్య ముక్క 132 దగ్గర, వదిన ముక్క 156 దగ్గర దించాను. పది నిమిషాలాగి కండ పోగులకు అడ్డంగా కోస్తే పళ్లెంలోకి రసం పెద్దగా కారలేదు. వదిన తన ముక్కను పూర్తిగా తిన్నారు, మిగిలిన చిమిచుర్రీని ఈ ఉదయం దోసెలతో వడ్డించమని అడిగారు.