పుట్టి లెక్క తప్పుతోంది, సాయం చేయండి

కోవూరు_కుర్రాడు:
మధ్యాహ్నం నుంచి దీని ముందే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. మా మామయ్య రైసు మిల్లుకు ధాన్యం బిల్లుల ప్రోగ్రాం రాశాను. కిలోలు కొడితే పుట్లు, డబ్బు రావాలి. బాగా పరీక్షించాకే ఇచ్చాను. ఈరోజు మొదటి రైతుకే 7,058 రూపాయలు తక్కువ చూపించింది. ఆయన వేళ్ల మీద లెక్కగట్టి మరీ అడిగాడు. ఎక్కడ తప్పో చెప్పండి.

చీమకుర్తి_రాయి:
ఏ భాష? కోడ్ ఏది?

పాత_టెస్టర్:
‘బాగా’ అంటే ఏయే అంకెలతో, బాబూ?

గోదావరి_గట్టు:
ముందు పుట్టి అంటే ఎన్ని కిలోలో చెప్పండి. ఊరికో పుట్టి ఉంటుంది.

కోవూరు_కుర్రాడు:
నెల్లూరు పుట్టి 850 కిలోలని ఎవరికి తెలియదండీ? 850, 1,700, 8,500 ఇచ్చి చూశాను, పైసాతో సహా సరిపోయింది. రైతు తెచ్చింది 2,000 కిలోలు. పుట్టి 20,000 చొప్పున సరిగ్గా 40,000 చూపిస్తోంది. ఈ బగ్ ఎక్కడిదో అర్థం కావడం లేదు.

పాత_టెస్టర్:
మూడూ 850తో శేషం లేకుండా పోయేవే! పుట్టికి సరిగ్గా తూచుకుని ఏ రైతు తెస్తాడు? 849, 851, సున్నా ఇవ్వండి. ఖాళీగా వదలండి. మైనస్ కొట్టండి. రావలసిన జవాబు ముందే కాగితం మీద వేసుకోండి. తెరమీద అంకె చూశాక అందరికీ అది సరైనదిగానే కనిపిస్తుంది.

తెలుగు_పదం:
బగ్ ఎందుకు, ‘దోషం’ అనలేమా? బగ్ అంటే పురుగు. 1947లో హార్వర్డ్ మార్క్ 2 అనే పాత కంప్యూటర్లో రెక్కల పురుగు దొరికిందని మనమూ పురుగునే పట్టుకు వేలాడాలా?

గోదావరి_గట్టు:
ఆ మాట పురుగుతో పుట్టలేదు. ఎడిసన్ 1878లోనే ఉత్తరంలో వాడాడు. అయినా దోషం అంటే జాతకం గుర్తొస్తుంది.

కోవూరు_కుర్రాడు:
జావా అన్నా, చెప్పడం మరిచాను. పుట్లకు డబుల్ అనే, అంటే దశాంశాలు పట్టే రకమే పెట్టాను. అయినా 2.0 వస్తోంది.

చీమకుర్తి_రాయి:
కిలోలు ఇంట్, అంటే పూర్ణాంకం. 850 కూడా ఇంటే. భాగించేటప్పుడే భిన్నం పోయింది. తర్వాత డబుల్‌లో వేస్తే తిరిగి రాదు. 850.0 అని రాయండి.

పాత_టెస్టర్:
డబ్బు దగ్గర డబుల్ వద్దు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 ఇస్తుంది. దశాంశాలను ఉన్నదున్నట్టు ఉంచే బిగ్‌డెసిమల్ రకం వాడండి. ఈ 2,000 కిలోల లెక్కను టెస్టుగా రాసి ఉంచండి, కోడ్ ముట్టుకున్నప్పుడల్లా అది నడవాలి.

గోదావరి_గట్టు:
పైసల్లో పూర్ణాంకంగా దాచుకుంటే చాలదా?

పాత_టెస్టర్:
భాగించాక మిగిలే అరపైసా ఎవరిది?

కోవూరు_కుర్రాడు:
47,058.82 వచ్చింది. థాంక్స్ అన్నా. బయట ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి, మిగతాది రాత్రికి చూస్తాను.

తెలుగు_పదం:
జాతకంలో ఉంటే ప్రోగ్రాంలో ఉండకూడదా, దోషం?