పంచాయతీ నెల లెక్కలు: ఒకసారి ఎక్కిస్తే రిపోర్టులన్నీ వచ్చే దారి ఉందా?

ప్రశ్న: ఉరవకొండ సెక్రటరీ

అనంతపురం జిల్లాలో పంచాయతీ కార్యదర్శిని. మా ఊళ్లో తాగునీటి బోరు మోటారు కాలిపోయిందనుకోండి. బాగు చేయించడం ఒక పూట పని. ఆ బిల్లు రాసుకోవడమే పెద్ద పని. క్యాష్ బుక్కులో చేత్తో రాయాలి. ఈ-గ్రామ్ స్వరాజ్ అనే పంచాయతీ లెక్కల పోర్టల్‌లో వోచర్ పెట్టాలి. నెలాఖరుకు మండలాఫీసు వాట్సాప్ గ్రూపులో పడేసే ఎక్సెల్ షీటులో నింపాలి. పైవాళ్లు ఇంకో ఫార్మాటు పంపుతారు, దాంట్లో కాలమ్‌ల వరసే వేరు. ఒకరికి అది ‘తాగునీరు’, ఇంకొకరికి ‘నిర్వహణ’. చివరికి మొత్తాలు కలవవు. ఎందుకు కలవలేదని ఫోన్ మాత్రం నాకే వస్తుంది.

ఎక్సెల్‌లో సమ్‌ఇఫ్స్ (పద్దువారీగా మొత్తాలు కూడే ఫార్ములా) దాకా వచ్చు. మా అక్క కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ‘పైథాన్‌లో రాసిస్తా పిన్నీ, బటన్ నొక్కితే చాలు’ అంటున్నాడు. వాడికి పంచాయతీ లెక్కలు తెలీవు, నాకు పైథాన్ తెలీదు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? పోర్టల్‌లో వోచర్లు కూడా ప్రోగ్రామే ఎక్కించేలా చేయొచ్చా? ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు: కడప డిజిటల్ అసిస్టెంట్

అక్కా, పైథాన్ అక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి, ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీతో కలపండి. కొత్త నెల ఫైలు వేసి రిఫ్రెష్ కొడితే సరి. ఒక్క జాగ్రత్త, ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. సిస్టమ్‌లో తేదీ అమెరికా పద్ధతిలో ఉంటే 05/04 కాస్తా మే 4 అయి కూర్చుంటుంది. 13వ తేదీ నుంచి తేదీగా కాకుండా ఉత్త అక్షరాలుగా ఉండిపోతాయి. సగం నెల ఒకలా, సగం ఇంకోలా. ఖాతా నంబర్లు కూడా టెక్స్ట్‌గానే తెచ్చుకోండి. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, 16 అంకెల నంబరైతే చివరిది సున్నా చేసేస్తుంది.

పోర్టల్ సంగతంటారా, బ్రౌజర్‌ను నడిపే స్క్రిప్టులు ఉన్నాయి. డిజిటల్ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్లు, సర్పంచ్ గారిదీ మీదీ రెండూ కంప్యూటర్‌కే పెట్టి ఉంచితే రాత్రికి రాత్రి అన్నీ ఎక్కేస్తాయి.

జవాబు: కర్నూలు పాత ఆడిటర్

స్థానిక సంస్థల ఆడిట్‌లోనే రిటైరయ్యాను. పై తమ్ముడు తేదీల గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. టోకెన్ల గురించి చెప్పింది మాత్రం దయచేసి చేయొద్దు. డిజిటల్ సంతకం కీ ఎవరిదో వాళ్ల అదుపులోనే ఉండాలని ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ చెబుతోంది. సర్పంచ్ గారి టోకెన్, పిన్ సెక్రటరీ సొరుగులో ఉండటం చాలా ఊళ్లలో చూశాను. ఒకరు పెట్టింది ఇంకొకరు చూసి ఒప్పుకోవాలని కదా రెండు సంతకాలు పెట్టింది? ఆ చూడటాన్ని ప్రోగ్రామ్‌కు అప్పజెబితే ఇక పంచాయతీ ఎందుకు?

మేడమ్, మీ అసలు ఇబ్బంది రిపోర్టులది కాదు, వాటికి ముందు రాసే వరసది. ఒక షీటు పెట్టుకోండి, ఒక లావాదేవీకి ఒకే వరస. వోచర్ తేదీ, బ్యాంకులో పడిన తేదీ, ఏ నిధి, ఏ పద్దు, ఎవరికి, గ్రాస్ (మొత్తం బిల్లు), రికవరీలు (అందులోంచి పట్టుకునేవి), నికరం (చివరికి ఇచ్చేది). ‘తాగునీరు’, ‘నిర్వహణ’ అని చేత్తో టైపు చేయకండి, జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. పద్దు పేరు చివర ఒక ఖాళీ పడినా సమ్‌ఇఫ్స్ దాన్ని వేరే పద్దు అనుకుంటుంది. పై ఆఫీసులు అడిగే పేర్లను ఈ పద్దులకు జోడించే చిన్న పట్టిక పక్కన పెట్టుకుంటే ఎవరి ఫార్మాటు వాళ్లకు పోతుంది, మీ వరస మారదు.

నిధి, పద్దు వేర్వేరు కాలమ్‌లు కావాలి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 2021-26కు 60 శాతం టైడ్. అంటే పారిశుద్ధ్యం, తాగునీరు లాంటి వాటికే. మీ మోటారు రిపేరు టైడ్‌లోంచి ఇచ్చారా, సాధారణ నిధుల్లోంచా అన్నది పద్దు చూస్తే తెలియదు. ఆడిట్‌లో మొదట అడిగేది అదే.

ఇక గ్రాస్, నికరం. లెక్కలు కలవకపోవడానికి నేను చూసినంతలో ఎక్కువ సార్లు కారణం ఇదే. ఒక సీసీ రోడ్డు బిల్లు 3,00,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 54,000, మొత్తం 3,54,000 అనుకోండి. పన్ను కాకుండా కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటింది కాబట్టి బిల్లులోంచి ముందే పట్టుకునే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 6,000. కాంట్రాక్టరు ఒక వ్యక్తే అయితే ఆదాయపు పన్ను 1 శాతం, 3,000. బ్యాంకులో కనిపించేది 3,45,000. మిగతా రికవరీలేవైనా ఉంటే అది ఇంకా తగ్గుతుంది. ఖర్చు మాత్రం 3,54,000. పట్టుకున్న 9,000 కట్టేవరకూ మీ దగ్గర ఉన్న పరాయి సొమ్ము. మీ అక్క కొడుకు బ్యాంకు స్టేట్‌మెంట్‌లోంచి ఖర్చు తీస్తే నెలనెలా తక్కువ చూపిస్తాడు. వోచర్‌లోంచి తీసి బ్యాంకుతో పోలిస్తే ఏదీ కలవదు. నికరాన్ని బ్యాంకుతో, గ్రాస్‌ను పద్దుతో పోల్చమని వాడికి చెప్పండి. ఇది తెలిస్తే పంచాయతీ లెక్క సగం తెలిసినట్టే.

వెండర్ల జాబితా కూడా ఒకసారి దులపండి. మన సీమలో సిండికేట్ బ్యాంకు ఖాతాలు ఎక్కువ ఉండేవి. అది 2020 ఏప్రిల్ 1న కెనరాలో కలిసింది, 2021 జూలై 1 నుంచి పాత ఐఎఫ్ఎస్‌సీలు (బ్యాంకు శాఖ కోడ్లు) చెల్లవు. పాత ఫైళ్లలోంచి కాపీ కొట్టే ప్రోగ్రామ్ ఆ కోడ్లనే మళ్లీ తెస్తుంది.

ఉరవకొండ సెక్రటరీ

సార్, గ్రాస్-నికరం సంగతి మా వాడికి వినిపించాను. ‘ఇది ముందే చెప్పాలి కదా పిన్నీ’ అన్నాడు, నాకేదో అన్నీ తెలిసినట్టు. పోర్టల్‌లో వోచర్లు నేనే పెట్టుకుంటా, టోకెన్ల జోలికి పోం. ఇంటి పన్నుదీ అడగాలి. రోజువారీ వసూళ్లు ఒకే మొత్తంగా బ్యాంకులో కడతాం. అదీ ఇదే షీటులో ఒక వరసగా వేస్తే చాలా?

కర్నూలు పాత ఆడిటర్

చాలదు. రశీదుల షీటు వేరుగా ఉండాలి, ఒక రశీదుకు ఒక వరస, పాత బకాయి ఎంత, ఈ ఏడాదిది ఎంత అని విడిగా. రోజు మొత్తం అక్కడినుంచి మెయిన్ షీటుకు రావాలి, బ్యాంకు చలానాతో సరిపోవాలి. గ్రంథాలయ సెస్సుకూ ఒక కాలమ్ పెట్టండి. పన్ను రూపాయికి 8 పైసలు, వెయ్యి పన్నుకు 80. అది పంచాయతీ ఆదాయం కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. దాన్ని ఆదాయంలో కలిపేసి మర్చిపోతే ఏటా ఒక ఆడిట్ పేరా (ఆడిట్ అభ్యంతరం) ఖాయం. వసూలైంది, కట్టింది, కట్టాల్సింది మూడూ పైన కనిపించేలా పెట్టించండి.

కడప డిజిటల్ అసిస్టెంట్

టోకెన్ల మాట వెనక్కి తీసుకుంటున్నా సార్. అక్కా, ఆ పద్దుల పట్టిక తయారైతే ఇక్కడ పెట్టండి, మా మండలం ఫార్మాట్లు నేను జోడిస్తా.