స్కాటర్ ప్లాట్‌లో జిల్లాల పేర్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి

ప్రశ్న:
తెలంగాణ 33 జిల్లాలకు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) స్కాటర్, అంటే జిల్లాకో చుక్క పెట్టే గ్రాఫ్, గీస్తున్నాను. అడ్డంగా జనసాంద్రత, నిలువుగా అక్షరాస్యత. వై విలువకు 0.5 కలిపి ప్రతి చుక్క దగ్గరా పేరు రాయిస్తే ఎడమవైపు పేర్లన్నీ ముద్దగా కలిసిపోతున్నాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టాక అక్షరాల బదులు వచ్చే ఖాళీ డబ్బాలు పోయాయి గానీ 'భద్రాద్రి'లో వత్తులు విడిపోయి వస్తున్నాయి. ఏం చేయాలండి?

జవాబు 1:
ముందు అక్షం సంగతి చూడండి. హైదరాబాద్ జిల్లా సాంద్రత చదరపు కిలోమీటరుకు 18 వేల పైమాటే, మిగతావి చాలావరకు వందల్లో ఉంటాయి. ఆ ఒక్క చుక్క కోసం అక్షం సాగి, మిగిలినవన్నీ మూలకు నెట్టుకుపోతున్నాయి. ఎక్స్ అక్షాన్ని లాగ్ స్కేల్‌కు (10, 100, 1000 సమాన దూరాల్లో ఉండే కొలతకు) మారిస్తే చాలా పేర్లకు చోటు దొరుకుతుంది.

డేటా విలువకు 0.5 కలపడం మానేయండి. అక్షం హద్దులు మారినప్పుడల్లా ఆ ఎడం కూడా మారిపోతుంది. చుక్కకు పేరు తగిలించే యానొటేట్ ఫంక్షన్ వాడి, టెక్స్ట్‌కోర్డ్స్‌కు 'ఆఫ్‌సెట్ పాయింట్స్', ఎక్స్‌వైటెక్స్ట్‌కు (4, 4) ఇవ్వండి. అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి ఏ స్కేల్‌లోనైనా ఎడం ఒకేలా ఉంటుంది. కుడి అంచు చుక్కలకు (-4, 4) ఇచ్చి, హెచ్ఏ (అడ్డంగా పేరు ఏ వైపుకు ఆనాలో చెప్పేది) 'రైట్' పెట్టండి. లేకపోతే పేరు బొమ్మ బయటికి పోతుంది.

జవాబు 2:
ఇంకా ఒరుసుకునే పేర్లను తనే పక్కకు జరిపే అడ్జస్ట్‌టెక్స్ట్ లైబ్రరీ ఉంది. దానికి యానొటేట్ కాకుండా మామూలు టెక్స్ట్ ఆబ్జెక్టుల జాబితా ఇవ్వండి. పిలవాల్సింది అన్నిటికన్నా చివర. బొమ్మ సైజు, హద్దులు, లాగ్ స్కేల్ అన్నీ ఖాయమయ్యాకే. అది కొలిచేది తెర మీద ఒక్కో పేరు ఆక్రమించే పెట్టెను, తర్వాత ఏది మార్చినా లెక్క తప్పుతుంది. జరిగిన పేరును చుక్కతో కలిపే గీతకు యారోప్రాప్స్‌లో '-' శైలి, బూడిద రంగు, 0.5 మందం చాలు. బాణం తలలు 33 చోట్ల అసహ్యంగా ఉంటాయి.

జవాబు 3:
వత్తుల తప్పు ఫాంట్‌ది కాదండి. ఫాంట్‌లో ఒత్తుల రూపాలు ఉన్నాయి, వాటిని ఎంచుకునే షేపింగ్ దశే జరగడం లేదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చేస్తోంది. ఎస్‌వీజీ.ఫాంట్‌టైప్‌ అనే సెట్టింగ్‌ను 'నన్'గా పెట్టి ఎస్‌వీజీగా (ఎంత పెద్దది చేసినా మసకబారని బొమ్మ ఫైలుగా) సేవ్ చేయండి. పేర్లు గీతలుగా కాక పాఠంగానే ఉంటాయి, బ్రౌజర్ సరిగ్గా చూపిస్తుంది. పీఎన్‌జీ కావాలంటే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో తెరిచి ఎగుమతి చేయండి. ఎస్‌వీజీని తెరిచే కంప్యూటర్‌లోనూ ఫాంట్ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
అలాగైతే అడ్జస్ట్‌టెక్స్ట్ కొలత తప్పు కాదా?

జవాబు 3:
తప్పే, కానీ మనకు మేలు చేసే తప్పు. విడిపోయిన వత్తులతో పేరు అసలు కన్నా వెడల్పుగా కొలవబడుతుంది. కాబట్టి అడ్డంగా కాస్త ఎక్కువ ఖాళీయే మిగులుతుంది. కిందికి దిగే వత్తు పక్క పేరును తాకుతుందేమో మాత్రం ఎస్‌వీజీని పెద్దది చేసి చూసుకోండి.